దిష్టిబొమ్మకు తలకొరివి

నేను ఒక దిష్టిబొమ్మ లోపలి ఇనుప చట్రాన్ని. పైనున్న ఎండుగడ్డి, పాత చొక్కా, కుండ మీద బొగ్గుతో గీసిన మీసాలు అన్నీ కాలిపోయాక నాలుగు రోడ్ల మధ్య నల్లగా మిగిలేది నేనే. మీరు నన్ను ఎక్కడో ఒకచోట చూసే ఉంటారు, గుర్తుపెట్టుకుని మాత్రం ఉండరు. మంట ఎగిసినంతసేపూ ఫోన్లెత్తి పట్టుకుని చుట్టూ మూగిన జనం, మంట తగ్గగానే పకోడీల బండి దగ్గరికి పోతారు. నాకు మాత్రం అందరూ గుర్తే. పెట్రోలు పోసినవాడు గుర్తు, చెప్పుతో కొట్టినవాడు గుర్తు, ఎవర్ని కొడుతున్నాడో పక్కవాణ్ణి అడిగి మరీ కొట్టినవాడు ఇంకా బాగా గుర్తు. కాబట్టి ఈ కథలో నేను ధర్మరాజులాగా మాట్లాడతానని ఆశ పెట్టుకోకండి. పగబట్టిన ఒక ఆడమనిషి పక్షాన నిలబడి చెబుతున్నాను. ఇప్పటికీ ఆవిడ పక్షమే.

నేను పుట్టింది తాళ్ళకోడూరులో, రైలు గేటు పక్కనున్న గౌస్ వెల్డింగు షాపులో. పశ్చిమ గోదావరిలో నాలుగు రైసు మిల్లులు, రెండు కల్యాణ మండపాలు, గాంధీ బొమ్మ సెంటరు ఉన్న ఊరు మాది. నాకు ముందు మా ఊళ్ళో దిష్టిబొమ్మలు వెదురుకర్రలతో చేసేవారు. ఒకసారి పత్రికల వాళ్ళు రాకముందే కట్లు తెగి బొమ్మ కూలిపోయింది. కుండ తల దొర్లుకుంటూ వెళ్ళి నాయకుడి కాళ్ళకి తగిలింది, ఆయన కెవ్వున గెంతాడు. సరిగ్గా అప్పుడే ఫోటో పడింది. ఆ నాయకుడే పోతునూరి సుబ్బారాయుడు, రైసు మిల్లు ఓనరు, పార్టీ పట్టణ శాఖ అధ్యక్షుడు. ఆ అవమానం తట్టుకోలేక ఇనుముతో చేయించాలని పట్టుబట్టి గౌస్ దగ్గరికి వచ్చాడు.

"కొలతెంత పెట్టమంటారండీ?" అని గౌస్ అడిగాడు.

"శత్రువు కొలత పెట్టు."

"శత్రువు పొడుగాండీ, పొట్టాండీ?"

"అది నేనెలా చెప్తానయ్యా, ఎప్పటికప్పుడు మారిపోతా ఉంటాడు. ఎవడికైనా సరిపోయేలా చెయ్."

అలా ఎవడికైనా సరిపోయేలా పుట్టాను. భుజాలకి పాత సైకిలు హ్యాండిలు, నడుముకి మడత మంచం పట్టీ, కాళ్ళకి ఇంటి స్లాబులో మిగిలిన ఊచలు, కుండ తల కూర్చోడానికి మెడ మీద ఒక ఇనుప చుట్టు. గౌస్ నన్ను నిలబెట్టి, ఒకసారి అటూ ఇటూ ఊపి చూసి, "ఎన్నిసార్లు కాల్చినా ఏం కాదండి" అన్నాడు. ఏం కాదన్నది చూసేవాళ్ళ మాట. కాలేవాణ్ణి ఎవరూ అడగలేదు.

నా కాపురం సుబ్బారాయుడి మిల్లు గోడౌనులో, ఊక బస్తాల వెనక. శత్రువు ఎప్పుడు దొరికితే అప్పుడు నన్ను బయటికి లాగేవారు. మొదటిసారి సరిహద్దు అవతలి దేశపు పెద్దమనిషి పేరు రాసిన అట్ట నా మెడలో వేలాడింది. ఆ తర్వాత ఇంకో దేశపు పెద్దమనిషి. తర్వాత కాలవకి నీళ్ళు వదలని ఇంజినీరు. తర్వాత ఎదుటి పార్టీ ఎమ్మెల్యే. ఈ ఎమ్మెల్యేని మేము ముచ్చటగా మూడుసార్లు కాల్చాం. మూడోసారి కాల్చిన కొన్నాళ్ళకే ఆయన పార్టీ మారి మా మిల్లుకి వచ్చాడు. సుబ్బారాయుడు గజమాల వేసి, లోపలికి తీసుకెళ్ళి కూర్చోబెట్టి కొబ్బరిబోండాం ఇచ్చాడు. గోడౌనులో నా పక్కనే ఆయన పేరున్న అట్ట ఇంకా పడి ఉంది. మిల్లు గుమాస్తా దాన్ని గబగబా తిప్పేసి, వెనకవైపు ఇంకో పేరు రాసేశాడు. మనుషులకి శత్రువంటే అంత సుళువు. నాకే, ఎవడి పేరు పడినా అదే మంట.

ఇదంతా కోపంగానే భరించాను, కానీ పగ అంటే ఏమిటో నాకు తెలియదు. తెలిసింది హవల్దారు సత్తిరాజు పేరు నా మెడలో పడినప్పుడు.

గుబ్బల సత్తిరాజు పట్టాళంలో ఇరవయ్యేళ్ళు చేసి రిటైరై వచ్చిన మనిషి. గాంధీ బొమ్మ వెనక వీధిలో రెండు గదుల డాబా, పెళ్ళాం అచ్చియమ్మ. ఒక్కగానొక్క కొడుకు సూరిబాబు. ఆ సూరిబాబు కూడా తండ్రి దారిలోనే పట్టాళానికి పోయి, మంచు కొండల మీద కాపలా కాస్తూ తూటా తగిలి పోయాడు. జెండా కప్పిన పెట్టె వచ్చిన రోజున సుబ్బారాయుడే ముందు నడిచాడు, సెంటర్లో ఫ్లెక్సీ కట్టించాడు. ఫ్లెక్సీలో సూరిబాబు మొహం అరచేయంత, సుబ్బారాయుడి మొహం చేటంత ఉండేవి. సత్తిరాజు రోజూ పొద్దున్నే ఆ ఫ్లెక్సీ కింద నుంచి వెళ్ళి, టీ కొట్టు బల్ల మీద కూర్చుని పేపరు చదువుకుని వచ్చేవాడు. ఎవరి జోలికీ పోయేవాడు కాదు.

సూరిబాబు పోయిన మూడో ఏడు సరిహద్దులో మళ్ళీ కాల్పులు జరిగాయి. సిపాయిలు చచ్చిపోయారు. దేశమంతా అట్టుడికినట్టు ఉడికింది, మా ఊరూ ఉడికింది. సుబ్బారాయుడు సెంటర్లో ప్రతీకార సభ పెట్టాడు. వేదిక పక్కన నన్ను గడ్డి కుక్కి నిలబెట్టారు. మెడలో ఆ దేశం పేరు. సుబ్బారాయుడు మైకందుకుని "మన శత్రువు ఎవరు?" అని అరిస్తే జనం ఆ పేరు అరిచారు. "ఏం కావాలి?" అంటే "యుద్ధం కావాలి" అన్నారు. ఇక రక్తం మరిగించడానికి అమరవీరుడి తండ్రి నోటి మాట ఒక్కటే తక్కువ. సత్తిరాజుని చెయ్యి పట్టుకుని వేదిక ఎక్కించాడు. చెవిలో గుసగుసగా చెప్పిన మాట నాకు వినపడింది: "నా కొడుకు చావుకి పగ తీర్చండి అని ఒక్క ముక్క అనండి చాలు, మిగతాది నేను చూసుకుంటా."

సత్తిరాజు మైకు ముందు అటెన్షన్‌లో నిలబడ్డాడు.

"నేను పట్టాళంలో చేసినోణ్ణండి. మా సూరిబాబూ చేసేడండి, అక్కడే పోయేడండి. యుద్ధం చెయ్యమని సర్కారు చెప్తే సిపాయి చేస్తాడండి, కాదనడు. అది ఆడి ఉద్యోగం. కానీ నా కొడుకుని చూపెట్టి యుద్ధం అడక్కండి. మావోణ్ణి కాల్చిన కుర్రాడికి మావోడి పేరు కూడా తెలవదండి. ఆడికీ ఇంటికాడ ఒక అమ్మ ఉండే ఉంటది. మా సూరిబాబు పేరు చెప్పి ఇంకో ఇంటికి పెట్టె పంపకండి. అంతేనండి."

దణ్ణం పెట్టి దిగిపోయాడు. తర్వాత నన్ను తగలబెట్టారు గానీ ఆ రోజు మంటకి ఊపు లేదు, నినాదాలు కూడా నాలుగిళ్ళ అవతలికి వినపడలేదు. ఆడవాళ్ళు కళ్ళు తుడుచుకుంటూ ఇళ్ళకి పోయారు. మర్నాడు పేపర్లో సుబ్బారాయుడి ఫోటో రాలేదు, సత్తిరాజు ఫోటో వచ్చింది. ఆ పేపరు సుబ్బారాయుడు గోడౌనులోకి తెచ్చి నా ముందే చింపాడు. అంతకుముందు దాకా శత్రువు వేల మైళ్ళ అవతల ఉండేవాడు. ఆ పొద్దున గాంధీ బొమ్మ వెనక వీధికి వచ్చేశాడు.

ఈసారి మామూలు దహనం చాలదన్నాడు సుబ్బారాయుడు. దేశద్రోహికి శవయాత్ర చేయాలన్నాడు. నాకు ఖాకీ చొక్కా తొడిగారు. దానికి పతకాల్లాగా సోడా మూతలు కుట్టారు. పచ్చి వెదురుతో పాడె కట్టారు, డప్పులవాళ్ళని పిలిచారు, పేలాలు తెచ్చారు. అంతటితో ఆగితే ఈ కథ లేదు. అచ్చంగా ఉండాలన్న యావలో, ఊళ్ళో అపరకర్మలు చేయించే పంతులుగారిని కూడా పిలిపించాడు.

పంతులుగారు పాడె మీద నన్ను చూసి గతుక్కుమన్నాడు. "బతికున్న మనిషికాండీ?"

"ఉత్తుత్తికేనయ్యా. ఏవో ఉత్తుత్తి మంత్రాలు చదివెయ్."

"నాకు ఉత్తుత్తివి రావండి. వచ్చినవి ఇవే."

"సరే, అవే చదువు. జనానికేం తెలుస్తుంది!"

పెట్టిన సంభావన మీద చూపు తిప్పుకోలేక పంతులుగారు అవే చదివాడు. గోత్రం, పేరు పెట్టి, ఎక్కడా తప్పు పోకుండా చదివాడు. సుబ్బారాయుడు పంచె తడిపి కట్టుకుని, నిప్పుల కుండ పట్టుకుని నా ముందు నడిచాడు. వెనక ఊరంతా నవ్వుతూ నడిచింది. శవయాత్రలో దింపుడు కళ్ళం అని ఒకటుంటుంది. దారి మధ్యలో పాడె దింపి, పోయినవాడి చెవిలో కొడుకు మూడుసార్లు పిలుస్తాడు, ప్రాణం ఏ మూలైనా ఉంటే పలుకుతాడేమోనని. సుబ్బారాయుడు నన్ను సరిగ్గా సత్తిరాజు ఇంటి ముందు దింపించాడు. నా కుండ తల దగ్గర వంగి, మైకు నోటి దగ్గర పెట్టుకుని, "నాన్నా! నాన్నా! నాన్నా!" అని పిలిచాడు. ఆగి, "పలకవేం నాన్నా? అవతలి దేశం వెళ్ళిపోయావా?" అన్నాడు. జనం పొట్ట చేత్తో పట్టుకుని నవ్వారు.

అచ్చియమ్మ గుమ్మంలో నిలబడి ఉంది. నవ్విన ప్రతి మొహాన్నీ చూసింది. లోపల సత్తిరాజు గోడకి తిరిగి కూర్చున్నాడు.

సెంటర్లో సుబ్బారాయుడు భుజం మీద నీళ్ళ కుండ పెట్టుకుని నా చుట్టూ మూడుసార్లు తిరిగాడు, తిరిగినప్పుడల్లా కుండకి చిల్లు పొడిపించుకున్నాడు, వెనక్కి చూడకుండా కుండ పగలేశాడు, నాకు తలకొరివి పెట్టాడు. సోడా మూతలు ఎర్రగా కాలి నా ఛాతీకి అంటుకున్నాయి. ఎన్నోసార్లు కాలాను గానీ ఆ రోజు కాలినంతగా ఎప్పుడూ కాలలేదు. నాకే చేతులుంటే, దేవుడి మీద ఒట్టు, ఆ పంచె కొంగు పట్టుకుని మంటలోకి లాగి ఉండేవాణ్ణి.

ఆ సాయంత్రం సత్తిరాజు టీ కొట్టుకి వెళితే కొట్టువాడు గ్లాసు అందించడానికి వెనకాముందాడాడు. "ఏవీ అనుకోకండి, పార్టీ కుర్రోళ్ళు చూస్తారు" అన్నాడు. పాలవాడు ఆ వీధిలోకే రాలేదు. చీకటి పడగానే ఎవరో సూరిబాబు ఫ్లెక్సీలో సూరిబాబు మొహం ఉన్న మూల కోసేశారు. కొడుకు చనిపోయినప్పుడు కూడా తలెత్తుకుని నడిచిన సత్తిరాజు, అది విన్నాక మంచం ఎక్కి అన్నం ముద్ద ముట్టలేదు. ఇదంతా నాకు అచ్చియమ్మ చెప్పింది. నాకే చెప్పింది, ఎందుకంటే మర్నాడు పొద్దున్నే ఆవిడ నా దగ్గరికి వచ్చి కూర్చుంది. మిల్లువాళ్ళు తర్వాత తీసుకుపోదామని నన్ను గాంధీ బొమ్మ గట్టు పక్కన పడేసి పోయారు. ఆవిడ నా ఛాతీకి అంటుకున్న సోడా మూతల్ని గోళ్ళతో గీకి తీసింది. నన్ను ఎవరైనా నెమ్మదిగా ముట్టుకోవడం గౌస్ తర్వాత అదే.

"ఆయన్ని దేశద్రోహి అన్నాడు. ఏ నోటితో అన్నాడో ఆ నోటితోనే కాదనిపిస్తాను. లేకపోతే నేను సూరిబాబు తల్లినే కాదు" అంది. అలా అని లేచి, ట్రాలీ ఆటోని పిలిచి, నన్ను ఎక్కించింది.

సుబ్బారాయుడి ఇంట్లో పెళ్ళి పనులు జరుగుతున్నాయి. కొడుకు వంశీకి భీమవరం సంబంధం. పిల్ల తండ్రి పార్టీలో జిల్లా స్థాయి మనిషి, ఆ సంబంధం కుదిరితే వచ్చే ఎన్నికల్లో సుబ్బారాయుడికి టికెట్టు ఖాయమని ఊరంతా అనుకునేది. గేటు ముందు పందిరి రాట పాతి, తాటాకు పందిరి వేస్తున్నారు. అచ్చియమ్మ సరిగ్గా ఆ పందిరి కింద చాప పరిచి, దక్షిణానికి తల వచ్చేటట్టు నన్ను పడుకోబెట్టింది. తెల్ల బట్ట కప్పింది. తల దగ్గర దీపం వెలిగించింది. ఆ తర్వాత గుండెలు బాదుకుని ఏడుపు మొదలుపెట్టింది. కొడుకు పోయినప్పుడు ఏడ్చిన ఏడుపే అది, అందులో నటన లేదు. పందిరి వేసేవాళ్ళు నిచ్చెనలు దిగిపోయారు. వీధి వీధంతా మూగింది.

సుబ్బారాయుడు బనీను మీద బయటికి పరిగెత్తుకొచ్చాడు. "ఏంటమ్మా ఇది? పెళ్ళివారిల్లు!"

"పెళ్ళేంటి నాయనా! తండ్రి పోయి ఒక్క పూట కాలేదు."

"ఎవరమ్మా తండ్రి?"

"నిన్న నా గుమ్మం ముందు మూడుసార్లు నాన్నా అని పిలవలేదా? ఊరంతా ఇన్నారు. నిప్పు పట్టుకుని ముందు నడిచేవు, కుండ పగలేసేవు, తలకొరివెట్టేవు. నా కొడుకు లేడు కదా, ఆయనకి ఎవడు కొరివెడతాడా అని బెంగెట్టుకున్నా నాయనా. నువ్వు దొరికేవు. రేపు సంచయనం ఉంది, బూడిద ఎత్తాలి. పెద్దదినానికి గుండు చేయించుకోవాలి. కొరివెట్టినోడి ఇంట ఏడాది దాకా శుభకార్యం ఉండదు కదా, ఆ పందిరి పీకించెయ్."

"నువ్వూ, నువ్వూ అంటావేంటి?"

"కన్నకొడుకుని గారూ అంటారేంటి నాయనా ఎవరైనా!"

జనంలో ఎవరో కిసుక్కుమన్నారు. నిన్న నవ్విన గొంతే. జనం నవ్వు ఎవడి సొత్తూ కాదు, ఎవడు కింద పడితే వాడి మీదికి పోతుంది.

సుబ్బారాయుడికి కోపం నషాళానికి అంటింది. "అది ఇనపముక్క! మీ ఆయన ఇంట్లో నిక్షేపంలా ఉన్నాడు!"

"ఇనపముక్కేనా? అలాగని మైకులో చెప్పు. దేశద్రోహిని కాల్చలేదు, ఇనపముక్కనీ గడ్డినీ కాల్చేనని చెప్పు. ఇప్పుడే తీసుకుపోతా."

అలా చెబితే ఇన్నేళ్ళుగా కాల్చిన శత్రువులందరూ ఇనుపముక్కలూ గడ్డీ అయిపోతారు. చెప్పకపోతే నేను శవాన్ని, వాడు కొడుకు. సుబ్బారాయుడు కుడితిలో పడ్డ ఎలుకలా కొట్టుకోవడం నేను తెల్ల బట్ట కింద పడుకుని తృప్తిగా చూశాను.

పార్టీ కుర్రాళ్ళని పిలిచి నన్ను తీసి అవతల పారెయ్యమన్నాడు. ఒక్కడూ ముందుకి రాలేదు. "మా ఆవిడ కడుపుతో ఉందండి, శవాన్ని ముట్టుకోకూడదు" అన్నాడు ఒకడు. "నిన్న పాడె మోశావు కదరా!" అంటే, "నిన్న బొమ్మండి" అన్నాడు. దీపం పెట్టి ఒక ఆడమనిషి ఏడ్చాక బొమ్మ శవమైపోయింది మరి. ఎస్సై వచ్చి చూశాడు. ఇనుప చట్రం పక్కన కూర్చుని ఏడవకూడదని ఏ సెక్షనులోనూ లేదు. పైగా ఆవిడ అమరవీరుడి తల్లి, జనం ఫోన్లన్నీ ఎస్సై వైపే తిరిగి ఉన్నాయి. "మీరూ మీరూ మాట్లాడుకోండి" అని జీపెక్కేశాడు.

కబురు భీమవరం చేరనే చేరింది. పిల్ల నాయనమ్మ పట్టింపుల మనిషి. ఆవిడ మనవడొకడు కారేసుకొచ్చి, నేరుగా పంతులుగారిని పట్టుకొచ్చి అందరి ముందూ అడిగాడు, నిన్న చదివినవి అసలు మంత్రాలేనా అని. సుబ్బారాయుడు పంతులుగారి వైపు కళ్ళతో బతిమాలాడు. పంతులుగారు కండువా నలుపుకున్నాడు. పాపం, డబ్బుకి ఆశపడతాడు గానీ తన విద్య మీద మాట పడనివ్వడు. "చేయించకూడని పని చేయించాను బాబూ, ఆ పాపం నాది. కానీ మంత్రం తప్పు చదివావా అంటే, లేదు" అన్నాడు. భీమవరం కుర్రాడు పక్కకెళ్ళి ఫోను చేసుకున్నాడు.

మధ్యాహ్నానికి సత్తిరాజే వచ్చాడు. మాసిన గడ్డం, కాళ్ళకి చెప్పులు కూడా లేవు. తన పేరున నాకు కప్పిన తెల్ల బట్టని చూశాడు.

"లే అచ్చీ. ఇంటికి పోదాం."

"మీరెళ్ళండి."

"పగొద్దని నేను మైకులో చెప్పేను. నువ్వు ఇక్కడ కూకుని ఏం చేస్తున్నావు? పెళ్ళి పిల్లోడు ఏం పాపం చేసేడే?"

"మీరు దేశానికి చెప్పేరు. నేను దేశం కాదండి. దేశానికయితే పక్క దేశముంటది, సైన్యముంటది, మాటలాడేవోళ్ళుంటారు. నాకు మీరొక్కరే ఉన్నారు." ఆవిడ దీపం వత్తి ఎగదోసింది. "మీరు నిన్నట్నించీ ముద్ద ముట్టలేదు. ఈడు మాత్రం నేతి గారెలు తినాలా?"

సత్తిరాజు పందిరి గుంజకి ఆనుకుని అక్కడే కూలబడ్డాడు. ఆయన చెప్పింది మంచి మాటే, నేను కాదనను. కానీ ఆ మంచి మాటకే కదా ఆయన్ని కాల్చింది. నాకు మాత్రం అచ్చియమ్మ మాటే ఇంపుగా వినపడింది.

సుబ్బారాయుడు తక్కువవాడు కాడు. లోపలికి వెళ్ళి, ఆలోచించుకుని, తెల్ల లాల్చీ వేసుకుని, ఇద్దరు విలేకరులతో, మైకుతో బయటికి వచ్చాడు. పోయేదాన్ని కూడా తమ లెక్కలో వేసుకోవడం ఇలాంటి నాయకులకి వెన్నతో పెట్టిన విద్య. అచ్చియమ్మ కాళ్ళకి వంగి దణ్ణం పెట్టి, కంట్లో నీళ్ళు తెచ్చుకుని, "అమ్మా! నిన్న ఆవేశంలో పొరపాటు జరిగింది. వీరమాతకి కొడుకు లేని లోటు ఉండకూడదు. ఈ రోజు నుంచీ నేనే నీ కొడుకుని!" అన్నాడు. కెమెరాలు టపటప కొట్టుకున్నాయి. ఎవడో చప్పట్లు కూడా మొదలెట్టాడు. నాకు పై ప్రాణం పైనే పోయింది, ఇంత చేసి చివరికి వీడికే పూలదండ పడేలా ఉందని.

అచ్చియమ్మ ఏడుపు ఆపేసింది. లేచి నిలబడి, వాడి తల నిమిరింది.

"చల్లగా ఉండు నాయనా. అయితే మా ఇంటి ఆచారం ఇను. మా ఇంట్లో మగోళ్ళు పట్టాళానికి పోతారు. మా మావగారు పోయేడు, మా ఆయన పోయేడు, నీ తమ్ముడు సూరిబాబు పోయేడు. నీకు వయసు దాటిపోయింది. నీ కొడుకు వంశీ నాకు మనవడే కదా. యుద్ధం కావాలని నువ్వే అడిగేవు, రేపో మాపో వచ్చేత్తది. ఏలూరులో సైన్యానికి ఎంపికలు జరుగుతున్నాయంట. మనవణ్ణి పంపించు. ఈ పేపరోళ్ళ ముందు ఒక్క మాట అను, నేను ఇప్పుడే లేచిపోతా. పెళ్ళి ఆడు తిరిగొచ్చేక చేద్దువుగాని."

చప్పట్లు ఆగిపోయాయి. విలేకర్లు మైకు సుబ్బారాయుడి నోటి ముందు పెట్టారు. వంశీ అరుగు మీద నిలబడి తండ్రి మొహంలోకి చూస్తున్నాడు. ఊరంతా తండ్రి మొహంలోకే చూస్తోంది. అవునంటాడేమో, కెమెరాల కోసమైనా అంటాడేమో అని నాకూ అనిపించింది.

నిజంగానే అవునంటాడని భయపడ్డది ఆయన భార్య విమల. మొగుడి సంగతి ఆవిడకి తెలుసు. గడప దాటి పరిగెత్తుకొచ్చి, కొడుకుని రెండు చేతుల్తో పట్టుకుని, వీధంతా మోగేలా అరిచింది.

"నా బిడ్డని ఎక్కడికీ పంపను! ఎవడికి కావాలయ్యా మీ యుద్ధం? మీరు మీరు చావండి! నా పిల్లాణ్ణి చూపించి మాట్లాడారంటే ఊరుకోను!"

మైకు ఆన్‌లోనే ఉంది. ఆ మాటలు సెంటరు దాకా వినపడ్డాయి. మొన్న సత్తిరాజు చెప్పిన మాటకీ ఈ మాటకీ ఉన్న తేడా ఏమిటంటే, ఆయన అండీ అండీ అని చెప్పాడు, ఈవిడ తిట్టి చెప్పింది.

జనం మెల్లిగా నా వైపు తిరిగారు. మా ఊరి పద్ధతి ప్రకారం ఆ మాటన్నవాళ్ళని మర్నాడు కాల్చాలి. పెట్రోలు పోసే కుర్రాడు సుబ్బారాయుణ్ణి చూసి, విమలమ్మగారిని చూసి, తల దించుకున్నాడు.

అచ్చియమ్మ నెమ్మదిగా అంది, "నీ పెళ్ళాం కూడా దేశద్రోహేనా నాయనా? కాకపోతే మా ఆయన ఎలా అయ్యేడు? చెప్పు."

సుబ్బారాయుడు మైకు అందుకున్నాడు. గొంతులోంచి ఏదో గొణుగుడు వచ్చింది.

"ఇనపళ్ళేదు. నోటికి దగ్గరెట్టుకో. నిన్న ఎట్టుకున్నావు కదా."

"సత్తిరాజు గారు... దేశద్రోహి కాదు."

"మూడుసార్లు పిలిచేవు. మూడుసార్లు చెప్పు."

మూడుసార్లు చెప్పాడు. మూడోసారి చెప్పేటప్పుడు ఏడుస్తున్నాడు. ఆ కన్నీళ్ళు నిజమైనవే. నాకు ఏమాత్రం జాలి కలగలేదు. మీకు కలిగితే మీరు మంచివాళ్ళు, పాడె ఎక్కి చూడనివాళ్ళు.

పెళ్ళి ఆగింది. ఏడాది సూతకం గడవనివ్వండి చూద్దాం అన్నారు భీమవరం వాళ్ళు. ఏడాది గడవకముందే పిల్లని ఇంకెవరికో ఇచ్చారు, టికెట్టూ ఇంకెవరికో పోయింది. టీ కొట్టువాడు తనే సత్తిరాజు ఇంటికి గ్లాసు పట్టుకొచ్చాడు. సత్తిరాజు తాగాడు. ఆయన చాలా రోజులు భార్యతో ముభావంగా ఉన్నాడు. ఒక సాయంత్రం మాత్రం పెరట్లో కూర్చుని, "గెలిచేవులే" అన్నాడు.

"ఏం గెలిచేనండి," అంది అచ్చియమ్మ బియ్యం చెరుగుతూ. "సూరిబాబు వచ్చేడా? కొట్టాలనిపించింది, కొట్టేను."

నన్ను ఆవిడ మళ్ళీ మిల్లుకి పంపలేదు. పాతసామాన్లవాడు అడిగినా అమ్మలేదు. ఇప్పుడు నేను వాళ్ళ డాబా గోడకి చేరగిలబడి వీధిలోకి చూస్తూ నిలబడి ఉన్నాను. ఎండకీ వానకీ నా భుజాలు తుప్పు పట్టాయి.

మొన్నీమధ్య మళ్ళీ సరిహద్దులో ఏదో అయింది. మళ్ళీ ఊరు ఉడికింది. సుబ్బారాయుడి పార్టీ కాదు, ఇంకో పార్టీ కుర్రాళ్ళు గుంపుగా వచ్చారు. మెడలో వెయ్యాల్సిన అట్ట రాసుకుని సిద్ధంగా తెచ్చుకున్నారు. గుమ్మం ముందు నిలబడి శత్రువు పేరు చెప్పి నినాదాలిచ్చారు. తర్వాత వాళ్ళలో పెద్దవాడు వినయంగా, "ఆ చట్రం ఒక్క పూట ఇప్పించండి పిన్నిగారూ, వెదుర్లు దొరకట్లేదు" అన్నాడు.

అచ్చియమ్మ లోపల్నించి వచ్చి, అట్ట మీది పేరు చదివింది. నా వైపు చూసింది. "తీసుకెళ్ళండి బాబూ, అడ్డేం లేదు. తలకొరివి ఎవరెడతారో ఆ పేరు మాత్రం చెప్పి తీసుకెళ్ళండి" అంది.

వాళ్ళు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. పెద్దవాడు రెండోవాణ్ణి ముందుకి తోశాడు, రెండోవాడు మూడోవాడి వెనక్కి వెళ్ళాడు. కాసేపటికి వీధి చివర వాళ్ళ బళ్ళు స్టార్టయిన చప్పుడు వినపడింది. గుమ్మం ముందు అట్టముక్క ఒక్కటే మిగిలింది. అచ్చియమ్మ దాన్ని తీసుకెళ్ళి పొయ్యిలో పెట్టి సత్తిరాజుకి టీ కాచింది.